అధికార పార్టీ మధ్యలో నాయకుణ్ణి మారిస్తే మళ్లీ గెలుస్తుందా? బ్రిటన్ కన్జర్వేటివ్‌ల లెక్క

కృష్ణలంక_కుర్రాడు అడిగిన ప్రశ్న:

కన్జర్వేటివ్ పార్టీ 2019 డిసెంబరులో 365 సీట్లు గెలిచింది. 2024 జులైకి 121కి పడిపోయింది. మధ్యలో ముగ్గురు ప్రధానులు మారారు: జాన్సన్, ట్రస్, సునాక్. ఈ మాట ఎత్తగానే మనవాళ్లకి 1978–83 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గుర్తొస్తుంది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం, కోట్ల అంటూ ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులు, ఆ వెంటనే ఎన్టీఆర్ చేతిలో ఓటమి. "నాయకుల్ని మార్చినందుకే ఓడారు" అని అక్కడితో తేల్చేస్తారు.

కానీ ఇదే కన్జర్వేటివ్ పార్టీ 1990లో థాచర్‌ని దించి మేజర్‌ని పెట్టి 1992లో గెలిచింది. 2019లో థెరిసా మేను పంపించి జాన్సన్‌ని తెచ్చి ఇంకా పెద్దగా గెలిచింది. మరి 2022లో అదే మందు ఎందుకు పని చేయలేదు? అసలు అక్కడ సొంత ప్రధానిని దించే పద్ధతేంటి? ఓడిపోతున్నారన్నది ఏడాది రెండేళ్ల ముందే బయటివాళ్లకి దేన్ని చూస్తే తెలుస్తుంది? ట్విట్టర్ తరహా సమాధానాలు వద్దు, నియమాలూ అంకెలూ తెలిసినవాళ్లు రాయండి ప్లీజ్.

పాత_గెజిట్టు:

ముందు దించే పద్ధతి చెబుతాను. మన దగ్గరి లెక్కతో దీన్ని పోల్చకూడదు అనేది అందులోనే ఉంది. 1978–83లో ముఖ్యమంత్రిని మార్చింది ఢిల్లీ అధిష్ఠానం. ఎమ్మెల్యేలు చేతులెత్తడం లాంఛనం. బ్రిటన్‌లో తలకిందులు: అక్కడ ప్రధాని మీద కత్తి ఉండేది వెనక బెంచీ ఎంపీల (అంటే మంత్రి పదవుల్లేని ఎంపీల) చేతిలో.

కన్జర్వేటివ్ ఎంపీలకి 1922 కమిటీ అని ఒకటుంది. నాయకుడి మీద నమ్మకం పోయిన ఎంపీ ఆ కమిటీ చైర్మన్‌కి ఉత్తరం ఇస్తాడు. 2022 నాటి నియమం ప్రకారం పార్టీ ఎంపీల్లో 15 శాతం మంది ఉత్తరాలు ఇస్తే రహస్య ఓటింగ్ పెట్టాలి. ఎన్ని ఉత్తరాలు వచ్చాయో చైర్మన్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు, ప్రధానికి కూడా. ఇచ్చిన ఉత్తరం వెనక్కి తీసుకోవచ్చు కూడా. జాన్సన్ నాటికి ఎంపీలు 359 మంది, అంటే 54 ఉత్తరాలు చాలు.

ఓటింగ్‌లో సగం కంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే నాయకుడు గట్టెక్కినట్టే, ఏడాది వరకూ మళ్లీ అవిశ్వాసం పెట్టకూడదు. కాగితం మీద మాట అది. థెరిసా మే 2018 డిసెంబరు 12న 200–117తో గెలిచింది, ఆరు నెలలు తిరక్కుండా పోయింది. జాన్సన్ 2022 జూన్ 6న 211–148తో గెలిచాడు, సరిగ్గా నెలకి పోయాడు. ఎందుకంటే ఆ 359 మందిలో మంత్రులూ, మంత్రుల సహాయకులూ కలిపి సుమారు నూట అరవై, నూట డెబ్భై మంది ఉంటారు. పదవి ఉంది కాబట్టి నాయకుడికి వేసేవాళ్లే వాళ్లలో ఎక్కువ. వాళ్లని పక్కన పెట్టి లెక్క వేస్తే పదవి లేని ఎంపీల్లో అత్యధికులు జాన్సన్‌కి వ్యతిరేకంగా వేశారని తేలుతుంది. అందుకే జులై 5న మంత్రులు సునాక్, జావిద్ నిమిషాల తేడాలో రాజీనామా చేయగానే రెండు రోజుల్లో యాభై మందికి పైగా పదవులు వదిలేశారు. ఖాళీలు నింపడానికి మనుషులు దొరక్క ప్రభుత్వం ఆగిపోయింది. ఈలోగా ఆ ఏడాది గడువు నియమాన్నే మార్చేద్దామని 1922 కమిటీలో మాట మొదలైంది. గడువు కాపాడేది ఎంపీలు కాపాడదామనుకున్నంత వరకే.

లేబర్ పార్టీలో ఈ ఉత్తరాల పద్ధతి లేదు. ఉన్న నాయకుడి మీద ఎవరైనా పోటీకి దిగాలంటే పార్టీ ఎంపీల్లో 20 శాతం మంది ఆ ఒక్కడి పేరు మీదే నామినేషన్ ఇవ్వాలి. నాలుగు వందల మంది ఎంపీలుంటే ఎనభై సంతకాలు, పైగా బహిరంగంగా. ఉన్న నాయకుడికి నామినేషన్ అక్కర్లేదు, బ్యాలెట్ మీద పేరు దానంతటదే ఉంటుంది. తేడా గమనించండి. కన్జర్వేటివ్‌లలో నాయకుణ్ణి వద్దనుకుంటే చాలు. లేబర్‌లో ఎవరు కావాలో ముందే ఒప్పందానికి రావాలి. అసమ్మతి వర్గంలో ముగ్గురు ఆశావహులుంటే అక్కడే సంతకాలు చీలిపోయి కథ ఆగిపోతుంది.

లెక్కల_మాష్టారు:

పై వివరణ బాగుంది. ఎప్పుడు పని చేస్తుంది అన్నదానికి నా లెక్క ఒక్కటే: జనం దేన్ని చూసి మండిపడుతున్నారో దాన్ని కొత్త నాయకుడు వచ్చీ రాగానే తీసేయగలడా, లేదా? తీసేయగలిగితే అది "కొత్త ప్రభుత్వం"లా కనిపిస్తుంది. లేకపోతే పాత ప్రభుత్వానికే కొత్త ఫొటో.

1990 చూడండి. థాచర్ మీద కోపానికి అసలు కారణం పోల్ ట్యాక్స్. ఇంటి విలువతో పనిలేకుండా తలకింత అని స్థానిక పన్ను. బంగళాలో ఉండేవాడికీ, అద్దె గదిలో ఉండేవాడికీ ఇంచుమించు ఒకటే బిల్లు. ఆ నవంబరులో సొంత పార్టీ మాజీ మంత్రి హెసెల్టైన్ పోటీకి దిగాడు. మొదటి రౌండులో థాచర్‌కి 204, అతనికి 152. గెలిచినట్టే ఉంది కదా, కానీ అప్పటి నియమం ప్రకారం మొత్తం ఎంపీల్లో 15 శాతం ఆధిక్యం ఉండాలి. నాలుగు ఓట్లు తక్కువయ్యాయి. రెండో రౌండుకి వెళ్లకుండా తప్పుకుంది. మేజర్ వచ్చి ఏం చేశాడు? ఏ హెసెల్టైన్ అయితే పోల్ ట్యాక్స్‌ని సమూలంగా సమీక్షిస్తానన్నాడో అతనికే ఆ శాఖ అప్పజెప్పాడు. 1991 మార్చి బడ్జెట్‌లో వ్యాట్‌ని 15 నుంచి 17.5 శాతానికి పెంచి, ఆ డబ్బుతో పోల్ ట్యాక్స్ బిల్లు మనిషికి 140 పౌండ్లు తగ్గించారు. అదే నెలలో ఆ పన్నే రద్దు చేస్తామని ప్రకటించారు. కొత్త కౌన్సిల్ ట్యాక్స్ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్‌లో, అంటే ఎన్నికల తర్వాత. అయినా ఓటరు చేతిలోకి వచ్చే బిల్లు మాత్రం ఎన్నికలకి ముందే తగ్గింది. కిటుకంతా అక్కడుంది. ఆర్థిక మాంద్యం నడుస్తున్నా, నిరుద్యోగం పెరుగుతున్నా 1992 ఏప్రిల్ 9న 336 సీట్లతో గెలిచారు. మెజారిటీ 21. కోటీ నలభై లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి.

2019 కూడా అంతే. మే నెల యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లకి సుమారు 9 శాతం ఓట్లు, ఐదో స్థానం. అధికారంలో ఉన్న పార్టీకి! డిసెంబరులో 43.6 శాతం. మధ్యలో ఏమైంది? బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం) ముడి విప్పుతానన్న మనిషి వచ్చాడు, విప్పడానికి ఒప్పందం తెచ్చాడు, అడ్డొచ్చిన 21 మంది సొంత ఎంపీలను పార్లమెంటరీ పార్టీ నుంచి వెళ్లగొట్టాడు. మూడేళ్లుగా తాము నడిపిన ప్రభుత్వం మీదే ప్రతిపక్షంలా ప్రచారం చేశాడు.

ఎక్కడ పని చేయలేదో చూద్దాం. 2007 జూన్‌లో లేబర్ ప్రధాని బ్లెయిర్ పోయి బ్రౌన్ వచ్చాడు. మొదటి మూడు నెలలు సర్వేలన్నీ అనుకూలమే. ముందస్తు ఎన్నికలంటూ ఊరించి, ప్రతిపక్షం వారసత్వ పన్ను మినహాయింపు పది లక్షల పౌండ్లకి పెంచుతామనేసరికి సర్వేలు తిరగబడి, అక్టోబరు 6న వెనక్కి తగ్గాడు. ఆ తర్వాత బ్యాంకుల సంక్షోభం. 2010లో లేబర్‌కి 258 సీట్లు. బ్రౌన్ పదేళ్లు ఆర్థిక మంత్రిగా ఉన్నవాడు, ఏ విధానాన్ని కాదంటే తనని తాను కాదన్నట్టే. అలాంటివాడు "మార్పు" అని ఎలా చెప్పగలడు?

వెనకబెంచీ:

అంటే సునాక్‌కి తీసేయడానికి ఏమీ లేదంటారా? ట్రస్ బడ్జెట్ దాదాపు మొత్తం తీసేశారు కదా. నా దృష్టిలో సునాక్‌కి టైమ్ చాల్లేదు, అంతే. ఇంకో ఏడాదుంటే బయటపడేవాడు.

వడ్డీ_వ్యాపారి:

వెనకబెంచీ గారూ, బడ్జెట్ తీసేశారు నిజమే. దాని బిల్లు మాత్రం తీసేయలేకపోయారు. పోల్ ట్యాక్స్‌కీ దీనికీ తేడా అదే. కాస్త వివరంగా రాస్తాను, మొత్తం ఎన్నిక ఇందులోనే ఉంది కనక.

2022 సెప్టెంబరు 23న ట్రస్ ఆర్థిక మంత్రి క్వార్టెంగ్ ప్రకటించిన పన్ను కోతలు సుమారు 4,500 కోట్ల పౌండ్లు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పలేదు. స్వతంత్ర బడ్జెట్ సంస్థ అంచనా కూడా జత చేయనివ్వలేదు. అప్పులిచ్చేవాళ్లు బెదిరారు. 26న పౌండ్ 1.03 డాలర్ల దాకా పడింది. ముప్ఫై ఏళ్ల ప్రభుత్వ బాండ్ల మీద రాబడి 5 శాతం దాటింది. అక్కడి పింఛను ఫండ్లు ఆ బాండ్లను తాకట్టు పెట్టి ఇంకా పెట్టుబడులు పెట్టుకుని ఉన్నాయి. బాండ్ ధర పడగానే అదనపు తాకట్టు కావాలన్నారు, దానికోసం ఫండ్లు మళ్లీ బాండ్లే అమ్మాయి, ధర ఇంకా పడింది. ఈ సుడి ఆపడానికి 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 6,500 కోట్ల పౌండ్ల దాకా కొంటానని దిగాల్సొచ్చింది. అక్టోబరు 14న క్వార్టెంగ్, 20న ట్రస్ ఇంటిదారి పట్టారు.

ఇప్పుడు ఇళ్లకి రండి. అక్కడ ఇంటి రుణం వడ్డీ సాధారణంగా రెండేళ్లకో ఐదేళ్లకో ఫిక్స్ చేస్తారు. గడువు తీరగానే ఆనాటి రేటుకి మళ్లీ కట్టించుకోవాలి. కాబట్టి వడ్డీ పెరిగిన దెబ్బ అందరికీ ఒకే రోజు తగలదు. 2022 అక్టోబరులో కొందరికి, 2023 మార్చిలో కొందరికి, 2024 మేలో ఇంకొందరికి, అలా నెలనెలా కొత్త ఇళ్ల మీద పడుతూనే ఉంటుంది. రెండు లక్షల పౌండ్ల రుణం, పాతికేళ్ల గడువు అనుకోండి. 2 శాతం మీద నెలకి 848 పౌండ్లు. 6 శాతం మీద 1,289. నెలకి 441 ఎక్కువ, ఏడాదికి 5,292. న్యాయంగా చెప్పాలంటే ఇదంతా ట్రస్ పాపం కాదు. బ్యాంక్ రేటు ప్రపంచమంతటా పెరుగుతోంది, ద్రవ్యోల్బణం అక్టోబరుకి 11.1 శాతం. కానీ ఓటరు దగ్గర ఆ విభజన ఉండదు. వాళ్లకి గుర్తున్నది ఒక తేదీ, ఒక పేరు, తమ కొత్త వాయిదా కాగితం.

సునాక్, ఆయన ఆర్థిక మంత్రి హంట్ ఏం ఇచ్చారు? ఉద్యోగుల నేషనల్ ఇన్సూరెన్స్‌ని (జీతంలోంచి కోసుకునే సామాజిక భద్రత చందా) 2024 జనవరిలో 12 శాతం నుంచి 10కి, ఏప్రిల్‌లో 8కి తగ్గించారు. ఏడాదికి 35,000 పౌండ్ల జీతగాడికి రెండూ కలిపి ఆదా 897 పౌండ్లు. ఒకపక్క పన్ను మినహాయింపు పరిమితిని 12,570 దగ్గరే బిగించి పెట్టారు, జీతం పెరిగిన కొద్దీ పన్నూ పెరుగుతుంది. ఆ ఆదాలో కొంత అక్కడే పోయింది. 897 ఒక చేత్తో ఇచ్చి, ఇంటి వాయిదాలో 5,292 పోతుంటే ఏ నాయకుడి ముఖం చూసి ఓటేస్తారు? ఇంటి రుణం ఉన్న కుటుంబాలు మూడో వంతుకి కాస్త తక్కువే అనుకోండి, అద్దెకుండేవాళ్లకి అదే భారం ఇంటి యజమాని ద్వారా వచ్చింది.

టైమ్ సంగతి. చట్టం ప్రకారం 2025 జనవరి 28 దాకా ఎన్నిక పెట్టకుండా ఉండొచ్చు. సునాక్ 2024 మే 22న వానలో తడుస్తూ జులై 4 అని ప్రకటించాడు. ఆ రోజే ఏప్రిల్ ద్రవ్యోల్బణం 2.3 శాతానికి దిగిందన్న అంకె వచ్చింది. దాన్ని చూసే ధైర్యం చేశారు. కానీ 2.3 అంటే ధరలు పెరిగే వేగం తగ్గింది, ధర తగ్గలేదు. బ్యాంక్ రేటు ఇంకా 5.25 దగ్గరే ఉంది. మొదటి కోత ఆగస్టు 1న వచ్చింది, పోలింగ్ అయిన నాలుగు వారాలకి. కాబట్టి "టైమ్ చాల్లేదు" అన్నమాట నేను ఒప్పుకోను, ఉన్న టైమే వాడుకోలేదు. వాడుకున్నా గెలిచేవాడని కాదు. 121 కాస్తా 150, 160 అయ్యేదేమో, అది నా ఊహ మాత్రమే.

పాత_గెజిట్టు:

వడ్డీ గారి మాటకి పద్ధతి వైపు నుంచి ఒక చేర్పు. ట్రస్ ఎంపికలోనే లోపం ఉంది. ఎంపీలు రౌండ్లు రౌండ్లుగా ఓటేసి ఇద్దర్ని తేలుస్తారు, ఆ ఇద్దరిలో ఒకర్ని పార్టీ సభ్యులు ఎన్నుకుంటారు. చివరి రౌండులో సునాక్ 137, ట్రస్ 113, మోర్డాంట్ 105. అంటే ట్రస్ వెనక ఉన్న ఎంపీలు మూడో వంతు కూడా లేరు. సభ్యుల ఓటులో 81,326–60,399తో గెలిచింది. ఓటు హక్కున్న సభ్యులు మొత్తం సుమారు 1,72,000 మంది. దేశం మీద అంత పెద్ద ప్రయోగానికి సభలో అంత చిన్న పునాది. మార్కెట్ కదలగానే ఎంపీలు కూడా కదిలారు, పట్టి ఉంచేవాళ్లు లేరు.

మళ్లీ అలా కాకూడదని అక్టోబరులో కనీసం 100 మంది ఎంపీల నామినేషన్ ఉండాలన్నారు. మోర్డాంట్ ఆఖరి నిమిషంలో తప్పుకోవడంతో సునాక్ ఒక్కడే మిగిలాడు, సభ్యుల ఓటింగే జరగలేదు. ఏడు వారాల క్రితం సభ్యులు వద్దన్న మనిషి సభ్యుల్ని అడక్కుండా ప్రధాని అయ్యాడు. ప్రచారానికి తలుపు తట్టాల్సింది ఆ సభ్యులే. దాని ఫలితం క్షేత్రస్థాయిలో కనపడింది.

కృష్ణలంక_కుర్రాడు:

వడ్డీ_వ్యాపారి గారూ, ఆ రుణం లెక్కతో విషయం తేలిపోయింది, థ్యాంక్స్. అయితే కెనడా సంగతేంటి? ట్రూడో హయాంలో లిబరల్స్ 20 పాయింట్లు వెనకబడి ఉండి, కార్నీ రాగానే గెలిచారు కదా. అక్కడా ఇళ్ల ధరలూ, వడ్డీలూ మండిపోతూనే ఉన్నాయి.

లెక్కల_మాష్టారు:

మంచి ప్రశ్న. నా సూత్రానికి అది సరిపోతుంది, కానీ దానొక్కదానితోనే తేలదు.

ట్రూడో 2025 జనవరి 6న తప్పుకుంటానన్నాడు. మార్చి 9న కార్నీ 85.9 శాతం ఓట్లతో పార్టీ నాయకుడయ్యాడు. 14న ప్రధాని, అప్పటికి ఎంపీ కూడా కాదు. పాత మంత్రివర్గంలో ఎప్పుడూ లేడు కాబట్టి బ్రౌన్‌కి ఉన్న ఇబ్బంది ఇతనికి లేదు. ప్రతిపక్షం రెండేళ్లుగా కార్బన్ పన్ను తీసేయాలన్న ఒక్క పాట మీదే నడిచింది. కార్నీ వచ్చిన రోజే వినియోగదారుల కార్బన్ రుసుము ఎత్తేస్తూ సంతకం పెట్టాడు, ఏప్రిల్ 1 నుంచి పెట్రోలు బంకులో తేడా కనపడింది. ఎన్నిక ఏప్రిల్ 28. మేజర్ చేసిన పనే, పదహారు నెలలకి బదులు ఆరు వారాల్లో.

దీనికి తోడు సరిహద్దు అవతల ట్రంప్. సుంకాలు, "51వ రాష్ట్రం" మాటలు. ఎన్నిక ట్రూడో పదేళ్ల పాలన మీద కాకుండా ట్రంప్‌తో ఎవరు బేరమాడగలరన్నదాని మీదకి మళ్లింది. ఇది లిబరల్స్ చేతిలో ఉన్నది కాదు, అదృష్టమే అనాలి. మూడోది ఓట్ల కూడిక. వామపక్షం వైపుండే ఎన్డీపీ పార్టీ ఓటు 18 శాతం దగ్గర నుంచి 6కి కూలి, ఎక్కువ భాగం లిబరల్స్‌కి చేరింది. గమ్మత్తేంటంటే కన్జర్వేటివ్‌లకి 41 శాతం పైన ఓట్లొచ్చాయి, గతంకంటే పెరిగాయి, అయినా ఓడారు. వాళ్ల నాయకుడు పొలియెవ్ సొంత సీటూ పోయింది. లిబరల్స్‌కి 343లో 169, మెజారిటీకి మూడు తక్కువ.

ఆస్ట్రేలియా గురించి రెండు ముక్కలు. అక్కడి లేబర్ పార్టీలో 2010లో ప్రధాని రడ్‌ని దించి గిలార్డ్, 2013లో గిలార్డ్‌ని దించి మళ్లీ రడ్. మొదటిసారి 72–72తో హంగ్, రెండోసారి 55 సీట్లతో ఓటమి. మరోవైపు అక్కడి లిబరల్స్ 2015లో టర్న్‌బుల్‌ని, 2018లో మోరిసన్‌ని తెచ్చి రెండుసార్లూ బొటాబొటీగా గెలిచారు. ఈ దెబ్బలతో లేబర్ 2013లో, లిబరల్స్ 2018లో సొంత ప్రధానిని దించడం కష్టమయ్యేలా నియమాలు మార్చుకున్నాయి. లేబర్‌లో 75 శాతం ఎంపీల సంతకాలు, లిబరల్స్‌లో మూడింట రెండొంతుల ఓటు.

వార్డు_సర్వే:

మూడో ప్రశ్నకి ఇంకా ఎవరూ రాలేదు: ముందే ఎలా తెలుస్తుంది? సర్వే శాతాల కంటే నేను నమ్మేది అసలు ఓట్లు పడ్డ చోట్లని. ఉప ఎన్నికలు, మే నెల స్థానిక ఎన్నికలు.

ఉప ఎన్నికలో అధికార పార్టీ ఓడటం వింత కాదు. చూడాల్సింది ఎవరి చేతిలో ఓడింది అని. 2021 డిసెంబరులో నార్త్ ష్రాప్‌షైర్, 2022 జూన్‌లో టివర్టన్ అండ్ హోనిటన్. రెండూ తరతరాల కంచుకోటలు, టివర్టన్‌లో మెజారిటీ 24,000 పైన. రెండూ లిబరల్ డెమోక్రాట్లు ఎగరేసుకుపోయారు. టివర్టన్ ఫలితం వచ్చిన రోజే వేక్‌ఫీల్డ్‌ని లేబర్ తీసుకుంది. ఒకే రాత్రి, రెండు ప్రాంతాలు, రెండు వేర్వేరు పార్టీలు. దాని అర్థం ఏంటంటే జనం ఎక్కడ ఎవరికి వేస్తే కన్జర్వేటివ్ ఓడుతుందో చూసుకుని వేస్తున్నారు. వ్యతిరేక ఓటు తనంతట తానే సర్దుకోవడం మొదలైతే సీట్లు ఓట్ల శాతం కంటే వేగంగా పడతాయి. అప్పటికింకా ట్రస్ రానే లేదు. 2024లో లిబరల్ డెమోక్రాట్లు 12.2 శాతం ఓట్లతో 72 సీట్లు గెలవడానికి విత్తనం అక్కడ పడింది.

తప్పుగా చదివితే ఏమవుతుందో కూడా ఒక ఉదాహరణ. 2023 జులై 20న మూడు ఉప ఎన్నికలు. సెల్బీలో 20,000 మెజారిటీ లేబర్ కొట్టేసింది. సోమర్టన్ లిబరల్ డెమోక్రాట్లకి పోయింది. జాన్సన్ ఖాళీ చేసిన ఉక్స్‌బ్రిడ్జ్ మాత్రం 495 ఓట్లతో కన్జర్వేటివ్‌లకి నిలిచింది. కారణం లండన్ మేయర్ పాత కార్ల మీద వేయబోతున్న రోజువారీ రుసుము. పక్కా లోకల్ సమస్య. సునాక్ బృందం ఆ రెండు ఓటముల్ని వదిలేసి ఈ ఒక్క గెలుపుని పట్టుకుంది. సెప్టెంబరులో పెట్రోలు కార్ల నిషేధం 2030 నుంచి 2035కి వాయిదా, అక్టోబరులో మాంచెస్టర్ హైస్పీడ్ రైలు రద్దు. అది కూడా మాంచెస్టర్‌లో పార్టీ సభ పెట్టుకుని అక్కడే ప్రకటించారు. అదే నెలలో మిడ్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో 24,000 పైచిలుకు మెజారిటీ, దాంతోపాటు టామ్‌వర్త్ కూడా పోయాయి.

కుడివైపు చీలిక సంకేతం 2024 మే 2న వచ్చింది. బ్లాక్‌పూల్ సౌత్‌లో లేబర్ గెలిచింది సరే, కన్జర్వేటివ్‌లు రిఫార్మ్ పార్టీని దాటి రెండో స్థానంలో నిలిచింది కేవలం 117 ఓట్ల తేడాతో. ఆ అంకె చూశాక కూడా ఇరవై రోజులకి ఎన్నికలు ప్రకటించారు!

జాన్సన్ గెలుపులో పై వాళ్లు వదిలేసిన ముక్క ఇదే. 2019 నవంబరులో ఫరాజ్ తన బ్రెగ్జిట్ పార్టీని కన్జర్వేటివ్‌లు అంతకుముందు గెలిచిన 317 సీట్లలో పోటీ నుంచి తప్పించాడు. 2024 జూన్ 3న అదే మనిషి రిఫార్మ్ పగ్గాలు పట్టుకుని దేశమంతా దిగాడు. ఫలితం: లేబర్ 33.7 శాతం, 2019 కంటే 1.6 పాయింట్లే ఎక్కువ, సీట్లు మాత్రం రెట్టింపు. కన్జర్వేటివ్ 23.7, రిఫార్మ్ 14.3, సీట్లు ఐదే. ఈ రెండూ కూడితే 38 అవుతుంది కదా అని కొందరు లెక్క చెబుతారు. ఆ కూడిక తప్పు. రిఫార్మ్‌కి వేసినవాళ్లలో చాలామంది అది లేకపోతే ఇంట్లో కూర్చునేవాళ్లే. కానీ సౌత్ వెస్ట్ నార్ఫోక్‌లో ట్రస్ ఓడింది 630 ఓట్లతో. అలాంటి చోట్ల పావు వంతు వెనక్కొచ్చినా ఫలితం మారుతుంది.

వెనకబెంచీ:

వడ్డీ గారి అంకెల ముందు నా "టైమ్" వాదన నిలవడం కష్టమే. అయినా సునాక్ డి-డే (రెండో ప్రపంచ యుద్ధ స్మారక) సభ మధ్యలో వచ్చేయడం, ఎన్నికల తేదీ మీద సొంత మనుషులే పందేలు కాయడం లాంటివి లేకపోతే ఇంత ఘోరం జరిగేది కాదంటాను.

వడ్డీ_వ్యాపారి:

అవి గోరుచుట్టు మీద రోకటిపోట్లు. గోరుచుట్టు మాత్రం 2022దే.

లెస్టర్_తెలుగు:

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లకి ఉపయోగపడే సంగతి ఒకటి, చాలామందికి తెలియదు. భారత పాస్‌పోర్టు ఉన్నా సరే, బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తుంటే కామన్వెల్త్ పౌరుల హోదాలో పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు. పోలింగ్‌కి 12 పనిదినాల ముందు అర్ధరాత్రిలోపు ప్రభుత్వ వెబ్‌సైట్లో నమోదవ్వాలి. 2024లో ఆ గడువు జూన్ 18. పోలింగ్ బూత్‌లో ఫొటో ఐడీగా భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, గడువు తీరినా ముఖం పోలిక ఉంటే చాలు.

ఈ ఓట్లు లెక్కలోకి వస్తాయా అంటే వస్తాయి. 2024లో కన్జర్వేటివ్‌లు లేబర్ నుంచి గెలుచుకున్న ఒకే ఒక్క సీటు లెస్టర్ ఈస్ట్, భారత మూలాలున్నవాళ్లు బాగా ఎక్కువ ఉన్న నియోజకవర్గం. అక్కడ ఇద్దరు మాజీ లేబర్ ఎంపీలు విడిగా పోటీ చేసి లేబర్ ఓటు చీల్చారు, శివానీ రాజా గెలిచింది. దేశమంతా కుడివైపు ఓటు చీలితే అక్కడ మాత్రం ఎడమవైపు చీలింది. మన తెలుగువాళ్లు రెండు పార్టీల నుంచీ దిగారు: నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో లేబర్ తరఫున ఉదయ్ నాగరాజు, స్టోక్-ఆన్-ట్రెంట్ సెంట్రల్‌లో కన్జర్వేటివ్ తరఫున డాక్టర్ చంద్ర కన్నెగంటి. ఇద్దరూ ఓడిపోయారు.

కృష్ణలంక_కుర్రాడు:

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి కూడానా? మా కజిన్ కవెంట్రీలో చదువుతోంది.

లెస్టర్_తెలుగు:

ఆవిడకీ ఉంటుంది. కనీసం ఇన్నాళ్లు ఉండాలన్న నిబంధన లేదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ అడుగుతారు, ఇంకా రాకపోతే లేదని రాసి పంపొచ్చు, కౌన్సిల్ వాళ్లు వేరే గుర్తింపు పత్రాలు అడుగుతారు. ఇల్లు మారినప్పుడల్లా కొత్త అడ్రసుతో మళ్లీ నమోదు చేసుకోమనండి, పాత అడ్రసు జాబితా దానంతటది మారదు.